బాబూ మియా మార్చిన వరుస

బాబూ మియా మొదట ప్లాస్టర్ వేసింది మనుషుల కాళ్ళకి కాదు, ఫంక్షన్ హాళ్ళ కప్పులకి. పంతొమ్మిదో ఏట మేనమామ వెంట నిచ్చెన మోస్తూ, పైకప్పుల మీద తెల్లటి పువ్వులూ తీగలూ అచ్చు పోసేవాడట. ఒకరోజు సోమాజిగూడలో ఆ మామ నిచ్చెన మీద నుంచి జారి పడ్డాడు. మడమ విరిగిన మనిషిని భుజాన వేసుకుని మా ఆసుపత్రికి తెచ్చాడు ఈయన. అప్పటి ముసలి కాంపౌండరు పిండికట్టు వేస్తుంటే పక్కన నిలబడి చూసి, "తాతా, అంచు సాఫ్ రాలె. జర ఇటియ్యి, నేను చేస్త" అన్నాడట. ఆ నోటి దురుసుతో వచ్చిన ఉద్యోగం ముప్పై రెండేళ్ళుగా నడుస్తోంది.

మాది పెద్ద ఆసుపత్రేం కాదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వచ్చే దారిలో, మెయిన్ రోడ్డు వెనక సందులో మూడంతస్తుల ఎముకల ఆసుపత్రి. అందులో పదిహేడేళ్ళుగా రికార్డులు చూసేది నేను, హైమవతిని. మాది గుడివాడ. నాకు నోరు ఎక్కువని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయమ్మల దాకా అందరూ అంటారు. అనేది నా ఎదురుగా కాదు కాబట్టి నేనూ పట్టించుకోను.

మాకు కేసులకి ఎప్పుడూ కొదవ లేదు. కోచింగ్ సెంటర్ల పిల్లలు హాస్టల్ మెట్లు ఫోన్ చూస్తూ దిగుతారు. మెట్రో కింద ఫుట్‌పాత్ మీద ఒక రాయి ఉంటుంది, పక్క రాయి ఉండదు. ఉందనుకుని అడుగేసిన వాళ్ళు సాయంత్రానికి మా బెంచీ మీద ఉంటారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంటుంది. కానీ చీలమండ మడతపడి, కీలుని పట్టి ఉంచే లిగమెంట్లు చిరిగి, పాదం నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. ఉత్త బెణుకే కదా అంటారు చూసేవాళ్ళు. పడినవాళ్ళని అడగాలి ఆ ఉత్త ఏంటో.

ఈ బెణుకుకి మా చుట్టుపక్కల దొరకని వైద్యం లేదు. పుత్తూరు కట్టు బోర్డులు గోడగోడకీ ఉన్నాయి. పహిల్వాన్ దగ్గర మాలిష్ చేయించుకుని, ఇంకో రెండింతలు వాచి మా దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. మెడికల్ షాపు కుర్రాడు స్ప్రే కొట్టి పంపిస్తాడు. ఐసు పెట్టాలని ఒకరు, వేడి కాపడం పెట్టాలని ఇంకొకరు. మా అమ్మయితే సున్నమూ పసుపూ కలిపి పట్టు వేసేది, అదే గొప్ప వైద్యమని నేనూ చాలా ఏళ్ళు వాదించాను. బాబూ మియా అన్నీ వినేవాడు. విని, "మంచిగనే ఉంటది మేడం. కాని కదలకుంట పడుండాలె కాలు. అది ప్లాస్టర్ తోనే అయితది" అని తేల్చేసేవాడు.

ఆయన ప్లాస్టర్ వేస్తుంటే చూడాలి. నీళ్ళ వేడి మణికట్టుతో చూసుకుంటాడు. ముందు బొటనవేలితో వాపుని నొక్కి వదిలి, ఆ గుంట మళ్ళీ నిండేదాకా ఏక్, దో, తీన్ అని లోలోపల లెక్కపెడతాడు. ఆరు దాటితే దెబ్బ గట్టిదేనని తల ఆడిస్తాడు. తడి కట్టు చుట్టాక అరచేత్తో నిమిరి నిమిరి, మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా పాలరాయిలా నునుపు తెస్తాడు. విప్పే తేదీ చివర్న నల్ల మార్కర్‌తో రాస్తాడు. పది రోజుల తర్వాత కోసి పారేసే దానికి అంత నగిషీ ఎందుకని నేను ఎన్నిసార్లు వేళాకోళం చేశానో. పది రోజులైనా కాలు దాంట్లోనే ఉంటుంది కదా అనేవాడు.

రెండేళ్ళ కిందట డాక్టర్ ధాత్రి గారు మా ఆసుపత్రిలో చేరారు. చిన్న వయసు, పెద్ద ఓపిక. చేరిన నెలలోనే ఆవిడ కంట ఒక సంగతి పడింది. మా ముగ్గురు సీనియర్ డాక్టర్లు ఒకే రకం బెణుకుకి మూడు రకాలు రాస్తున్నారు. ఒకాయన ప్లాస్టర్ అంటాడు. ఒకాయన రెండు పక్కలా గట్టి రేకులుండి పట్టీలతో బిగించే బ్రేస్ అంటాడు. మూడో ఆయన మేజోడులా తొడిగే సాగే బ్యాండేజీ చాలంటాడు. ఎవరికి వారు తమదే మేలంటారు.

"ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా ఎవరైనా?" అని అడిగారు ఆవిడ. ఎవరూ చూడలేదు.

చూద్దామన్నారు. బాగా దెబ్బతిని అడుగు వేయలేని వాళ్ళని, వాళ్ళు ఒప్పుకుంటేనే తీసుకోవాలి. ఎవరికి ఏ వైద్యమో డాక్టరు నిర్ణయించకూడదు, రోగీ కోరుకోకూడదు. లాటరీ తీయాలి. ఎనభై నాలుగు కవర్లు, వాటి మీద వరుసగా నంబర్లు, లోపల ఒక్కో చీటీ. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం వాళ్ళు ప్లాస్టర్ గది బయట బెంచీ మీద కూర్చోవాలి. ఎవరు ముందు వస్తే వాళ్ళకి తర్వాతి కవరు. దాన్ని బాబూ మియా వాళ్ళ ముందే చింపి, చీటీలో ఏముంటే అది చేయాలి. మొదటిరోజు టేపుతో వాపు కొలిచి, మూడు నెలలయ్యాక ఫోన్ చేసి ఎలా నడుస్తున్నారో రాసుకోవాలి. ఆ ఫోన్లు నావి.

బాబూ మియాకి ఇది అస్సలు మింగుడుపడలేదు. "చిట్టీ తీసి వైద్యమా మేడం? చిట్టీల పాట లెక్క?"

"మనం ఏరితే మనకి నచ్చినవాళ్ళని నచ్చిన దాంట్లో పెడతాం బాబూ భాయ్," అన్నారు ధాత్రి గారు. "చీటీకి ఎవరిమీదా ప్రేమ ఉండదు కదా."

చీటీలు రాసింది నేనే. నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలు రాశాను, స్పష్టంగా ఉండాలని. కవర్లు కొన్నదీ నేనే, కోచింగ్ సెంటర్ల పక్కన స్టేషనరీ షాపులో, పల్చటి గోధుమరంగువి. ఆ పని చాలా శ్రద్ధగా చేశానని అనుకున్నాను.

ఏడాది పైన పట్టింది ఎనభై నలుగురు రావడానికి. నేను ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, ఒంటికాలి మీద నిలబడగలరా, మెట్లు దిగగలరా, బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా అని అడిగేదాన్ని. పాపం, కొందరు ఫోన్ పట్టుకునే ఒంటికాలి మీద నిలబడి చూసి చెప్పేవాళ్ళు. ఒకాయన ఆఫీసు మీటింగ్ మధ్యలో లేచి నిలబడ్డాడట.

ఫలితం తేలింది. బ్రేస్, బ్యాండేజీ వాళ్ళలో నూటికి డెబ్భై మంది మూడు నెలలకి మెట్లు మామూలుగా దిగుతున్నారు. ప్లాస్టర్ వాళ్ళలో సగం మంది కూడా లేరు. ధాత్రి గారు ఆ వారమే ఆదివారం లక్డీకాపూల్ హోటల్లో జరిగే ఎముకల డాక్టర్ల సభలో ఈ సంగతి చదవాలి. ఇక మీదట మన దగ్గర బెణుకులకి ప్లాస్టర్ ఆపేద్దామని స్టాఫందరికీ చెప్పారు. బాబూ మియా గోడకి ఆనుకుని విన్నాడు. ఆ తర్వాత రెండు రోజులూ టిఫిన్ డబ్బా కూడా ఒక్కడే తెరుచుకుని తిన్నాడు.

గురువారం నాలుగింటికి నాకే జాలేసి టీ పట్టుకెళ్ళాను. ఓదార్చబోయాను. నా ఓదార్పు ఎలా ఉంటుందో తెలుసుగా.

"మీ ప్లాస్టర్‌కి అదృష్టం లేదు బాబూ మియా," అన్నాను. "మొదటిరోజు కొలతలు నేనే ఎక్కించాను. లావు వాపులన్నీ దానికే వచ్చాయి. తేలిక కాళ్ళేమో బ్యాండేజీకి పోయాయి. దేవుడు కూడా మీ మీద పగబట్టాడు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అది దేవుడు కాదు మేడం. నేను."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి, మిగిలిపోయిన ఖాళీ కవర్లలో ఒకటి తీసి, బల్ల మీదున్న పాత చీటీ ఒకటి అందులో పెట్టి, గోడకున్న ఎక్స్‌రే లైటు డబ్బా మీద ఆనించి స్విచ్ వేశాడు. కవరులోంచి నా చేతిరాత నాకే కనబడింది. బ్రేస్ అని.

"కవరు చింపలె. చిట్టీ మార్చలె. నంబరు సుత మార్చలె, అల్లా కసమ్," అన్నాడు. "పొద్దుగాల అయిదారు కవర్లు ఇట్ల చూసుకుంటుంటి. బెంచీ మీద కూసున్నోళ్ళ కాళ్ళు నొక్కి చూస్తుంటి. మస్తు వాచినోనికి బ్యాండేజీ వచ్చేటట్టుంటే, నువ్వు జర కూసో అని ఎనకాయనను ముందు పిలుస్తుంటి. ప్లాస్టర్ కవరు వచ్చినంక ఆయనను పిలుస్తుంటి. ఒక్కడే ఉంటే, ఇంక వాపు దిగలె, శుక్రవారం రమ్మని పంపిస్తుంటి. గంతనే."

"గంతనేనా!"

"గంత పెద్ద కాలును ఉత్త బ్యాండేజీ మీద ఎట్ల వదిలిపెడ్త మేడం? పాపం కాదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో సీటు కోసం కర్చీఫ్ వేసినట్టు, రేషన్ క్యూలో తెలిసినవాణ్ణి ముందుకి లాగినట్టు, ఏడాది పాటు వైద్యంలో వరుస మార్చేశాడు ఈ మహానుభావుడు. పైగా అదేదో పుణ్యమన్నట్టు చెబుతున్నాడు. బాగా దెబ్బతిన్న కాలు దేంట్లో పెట్టినా ఆలస్యంగానే తగ్గుతుంది కదా. అలాంటివన్నీ ఏరి ప్లాస్టర్ వాటాలోకి తోశాడు. తగ్గలేదని ఆ నింద ప్లాస్టర్ మీద పడింది. ఆ మాటే నోటికొచ్చినట్టు అనేశాను.

"గది ఇప్పుడు మీరు చెప్తే సమజైంది," అన్నాడు నెమ్మదిగా. "ప్లాస్టర్ ఓడలె. నేనే ఓడగొట్టిన. ఆదివారం మేడం స్టేజీ ఎక్కి పనికిరాదంటే, పట్నంల ఇంకెవ్వరు వెయ్యరు. నేను నోరు మూసుకుంటే ఆ అబద్ధం నిలుస్తది. నోరు తెరిస్తే ముప్పై రెండేండ్ల పేరు పోతది."

నిజం చెప్పాలంటే, ఊరుకోండి అని చెప్పాలనిపించింది నాకు. ఆయన మీద ప్రేమతో కాదు. ఆ పల్చటి కవర్లు కొన్నది నేను, లావు మార్కర్‌తో రాసింది నేను. ధాత్రి గారు నన్నూ అడుగుతారు. కానీ ఆదివారం ఆవిడ నిలబడి మా ఇద్దరి తప్పునీ శాస్త్రమని చదువుతుంటే నేను ఇంట్లో కూర్చుని టీవీ చూడగలనా అనిపించింది. చూడలేను.

"ఏం చేస్తారు?" అన్నాను.

"ఇంటికి పోయి షహజాదికి చెప్త. రేపు మేడంకు చెప్త," అన్నాడు. షహజాది ఆయన భార్య. ఆవిడకి చెప్పకుండా ఆయన ఉప్పు ప్యాకెట్ కూడా కొనడు.

మర్నాడు పొద్దున ఓ.పి. మొదలవకముందే ఇద్దరం ధాత్రి గారి గదిలోకి వెళ్ళాం. కూర్చోమంటే బాబూ మియా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, నాకు చెప్పినంత వరసగా, ఒక్క ముక్క దాచకుండా. కవర్లు నావని నేను చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే మాకు బాగుండేది.

"ఎంతమందిని ఇలా మార్చారు?" అని మాత్రం అడిగారు.

"ఇరవై రెండు. అందరి కాళ్ళు యాదికున్నయ్ మేడం. కాయితమియ్యండి, పేర్లు రాసిస్త. ఆ ఇరవై రెండు తీసేసి మిగిలినోళ్ళను ఉంచండి. ప్లాస్టర్‌ది అసలు సంగతి బయటికొస్తది."

"రాదు," అన్నారు ఆవిడ. "మీరు ఒకళ్ళని ఆపితే వాళ్ళ చోటులోకి ఇంకొకళ్ళు వెళ్ళారు. ఇరవై రెండు కాదు బాబూ భాయ్, ఎనభై నాలుగూ పోయినట్టే."

ఆయన నా వైపు చూశాడు, నేనేదైనా అడ్డుపడతానేమో అన్నట్టు. ఆవిడ మా ఎదురుగానే సభ వాళ్ళకి ఫోన్ చేసి, నేను చదవడం లేదు, లెక్కలో దోషముంది అని చెప్పారు. దోషం ఎవరిదో చెప్పలేదు. ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు దుఃఖం వచ్చింది. ఆ పిల్ల ఏడాది పాటు శుక్రవారం సెలవు పెట్టలేదు.

కాసేపటికి ఇటు తిరిగి, "ఈ వైద్యానికి ఒప్పుకున్నవాళ్ళకి నిజం తెలియాలి. అందరికీ ఫోన్ చేసి చెప్పండి హైమవతి గారూ," అన్నారు.

"నేను చేస్త మేడం," అన్నాడు బాబూ మియా. "తప్పు నాది."

ఉద్యోగం సంగతి ఆవిడ ఎత్తలేదు, ఆయనా అడగలేదు. గదిలోంచి బయటికి వచ్చాక ఆయన మొహంలో కొంచెం తేటదనం కూడా కనబడింది. "పోనీయండి మేడం, ప్లాస్టర్ మీద మచ్చ పోయింది," అన్నాడు నాతో. నేను ఇంకా కోపంగానే ఉన్నాను.

మధ్యాహ్నం నా బల్ల దగ్గర స్పీకర్ పెట్టుకుని మొదలుపెట్టాం. నేను నంబరు చదివి కలపడం, ఆయన మాట్లాడడం. ప్రతి ఒక్కరికీ అదే మాట. నేను ప్లాస్టర్ బాబూ మియాను, మీ వరుస నేను ఇష్టమొచ్చినట్టు మార్చిన, మీ లెక్క పనికిరాకుంట పోయింది, మాఫ్ చెయ్యండి. చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. ఒకతను నవ్వేశాడు. ఒకావిడ, ఇందుకోసమా ఫోన్ చేసింది, నేను ఆఫీసులో ఉన్నానంది. ఇద్దరు తిట్టారు. తిట్టినప్పుడు ఆయన తల వంచుకుని, అవునవును అన్నాడు. కోచింగ్‌లో ఉన్న ఒక పిల్లాడు మాత్రం, అయితే మళ్ళీ చేస్తారా అంకుల్ అని అడిగాడు. మొదటి నుంచి చేస్తరంట బిడ్డా, ఈసారి కవర్లు నా దగ్గర ఉండయి అన్నాడు.

నలభై ఏడో నంబరు ఉదయలక్ష్మి. అమీర్‌పేటలో చీరల షోరూములో సేల్స్ గర్ల్. కొట్టు వెనక మెట్ల మీద చీరల కట్టతో పడి వచ్చింది. షోరూములో పగలంతా నిలబడే ఉండాలి, కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. మూడు నెలలప్పుడు నేను ఫోన్ చేస్తే, నొప్పి తగ్గలేదు మేడం అని చెప్పిన ప్లాస్టర్ వాళ్ళలో ఆమె ఒకతి.

బాబూ మియా తన మాట చెప్పాడు. అవతల చీరల షోరూము గోల వినిపిస్తోంది.

"అంటే, నా వరుసకు ఏముండె చాచా?" అంది ఆ అమ్మాయి.

"బ్యాండేజీ ఉండె. నీ కాలు మస్తు వాచిందని నిన్ను కూసోబెట్టి, ఎనక ముసలాయనను పిలిచిన. తరువాత కవరు ప్లాస్టర్. అది నీకేసిన."

"నాకింకా మెట్లు దిగేటప్పుడు గుంజుతది చాచా. పొద్దుమూకేసరికి కాలు కింద పెట్టనియ్యది. నాకు బ్యాండేజీ ఏసుంటే మంచిగయ్యేదా?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

బాబూ మియా నోరు తెరిచాడు. కాదమ్మా, ప్లాస్టరే మంచిది, అది కాకుంటే ఇంకా ఖరాబయ్యేది అంటాడనుకున్నాను. ముప్పై రెండేళ్ళుగా అదే కదా చెబుతున్నది. ఆయన చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని చూసుకున్నాడు. ఎనభై నాలుగూ పోయినట్టేనని పొద్దున గదిలో ధాత్రి గారు చెప్పింది అప్పటికి గానీ ఆయన లోపలికి దిగలేదనుకుంటా.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు.

"పోనీ, ప్లాస్టర్ తోనే ఇంతన్న నయమైందా?"

"అది సుత తెల్వదు. గది తెలుసుకునేటందుకే మేడం ఏడాది కష్టపడ్డది. ఎవ్వరికి తెల్వకుంట చేసింది నేను."

అవతల ఎవరో ఆ అమ్మాయిని పిలిచారు. వస్తున్నా అంది ఆమె వాళ్ళతో. ఫోన్ పెట్టేసింది. బాబూ మియా ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇంక చాలు, మిగతా వాళ్ళకి నేను చెబుతాలెండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, జాబితాలో తర్వాతి పేరు మీద వేలు పెట్టాడు.